ప్యాలెట్ బరువు, లారీ కిరాయి: సరుకు పంపే ముందు వేసుకోవాల్సిన లెక్క

ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం (పీఎంఎఫ్‌ఎంఈ) లబ్ధిదారులైన స్వయం సహాయక సంఘాల సభ్యులకు శిక్షణ తరగతిలో ఇచ్చిన ప్రసంగ పాఠం. ఫోన్‌లో చదువుకోవడానికి వీలుగా ఇస్తున్నాం. ఇందులోని కిరాయి రేట్లు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి మాత్రమే. మీ ఊరి రేటు మీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కనుక్కోండి.



నేను అధికారిని కాదు. మీలాగే సంఘంలో సభ్యురాలిని. మా సంఘంలో పది మందిమి. ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్లు పెడతాం. పథకం కింద సంఘ సభ్యులకు మనిషికి 40,000 రూపాయల వరకు మూలధనం వస్తుందని మీకు తెలిసిందే. పెట్టుబడికీ చిన్న పనిముట్లకీ వాడుకోవాల్సిన డబ్బు అది. సమాఖ్య ద్వారా మన చేతికి వస్తుంది, మనం తిరిగి కట్టాలి. సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్లకి యంత్రాల ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ ఉంది. ఈ విషయాలన్నీ ముందు మాట్లాడిన సార్లు చెప్పేశారు. నేను చెప్పబోయేది వేరే సంగతి. ఆ డబ్బుతో సరుకు తయారుచేశాక, ఊరు దాటించేటప్పుడు లాభం ఎక్కడ కారిపోతుందో చెప్తాను. మాకు ఒకసారి కారిపోయింది.

మా మొదటి పెద్ద ఆర్డరు హైదరాబాదులో ఒక టోకు వ్యాపారి దగ్గర్నుంచి వచ్చింది. అరకిలో గాజు సీసాలు 960. వాళ్ల గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ బండితో దించుకుంటారు కాబట్టి సరుకు ప్యాలెట్ మీద కట్టి పంపమన్నారు. ప్యాలెట్ అంటే చూసే ఉంటారు, అడుగున సందులున్న చెక్క పలక. దాని మీద అట్టపెట్టెలు పేర్చి, చుట్టూ ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి, మొత్తాన్ని ఒకే ముద్దలాగా ఎత్తుతారు. ధర మాత్రం కిరాయితో కలిపి చెప్పమన్నారు.

నేను కూర్చుని లెక్క వేశాను. 960 సీసాలు, సీసాకి అరకిలో, మొత్తం 480 కిలోలు. ట్రాన్స్‌పోర్టు వాళ్లు కిలోకి 6 రూపాయలన్నారు. 2,880 రూపాయలు. అంటే సీసాకి సరిగ్గా 3 రూపాయలు. అది కలుపుకుని, ఇంకో 6 రూపాయలు లాభం వేసుకుని ధర చెప్పేశాను. వాళ్లు ఒప్పుకున్నారు. ఆ రోజు మా ఇంట్లో పాయసం వండుకున్నాం.

తర్వాత బిల్లు వచ్చింది. 910 కిలోలకు 5,460 రూపాయలు. డాకెట్ చార్జీ, అక్కడి హమాలీ కలిపి ఇంకో 600. మొత్తం 6,060. మాకు 5,760 మిగలాల్సిన చోట 2,580 మిగిలింది. పది మందికి పంచితే తలా 258 రూపాయలు. నెల రోజులు మామిడికాయలు కోసి, కారం దంచిన చేతులకి అది కూలి కూడా కాదు. ఒక చెల్లెలు ఏమీ అనలేదు గానీ, ఆ 258 తీసుకుని ఊరికే చూస్తూ కూర్చుంది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి వెళ్లి అడిగాను. "అమ్మా, మీరు పంపింది పచ్చడి ఒక్కటేనా?" అన్నాడు అక్కడి గుమాస్తా. కోపం వచ్చింది కానీ, మాట నిజమే.

మన లేబుల్ బరువు వేరు, లారీవాడి బరువు వేరు

లేబుల్ మీద మనం నికర బరువు రాస్తాం. సీసా, మూత, అట్టపెట్టె బరువులు అందులో ఉండవు, ఉండకూడదు కూడా. కొనేవాళ్లకి పచ్చడి ఎంతుందో చెప్పడానికి రాసిన అంకె అది. లారీవాడికి దాంతో పని లేదు. వాడు మోసేది మొత్తం బరువు.

తర్వాత ఇంటికొచ్చి ఒక్కొక్కటీ త్రాసు మీద పెట్టి చూశాను. పచ్చడి అరకిలో. ఖాళీ గాజు సీసా, మూత, లేబుల్ కలిపి దాదాపు 300 గ్రాములు. అంటే ఒక్కో సీసా 800 గ్రాములు. అట్టపెట్టెలో 12 సీసాలు పడతాయి, 9.6 కిలోలు. పెట్టె, లోపల సీసాలు తగలకుండా పెట్టే అట్ట అడ్డాలు కలిపి 600 గ్రాములు. పెట్టె బరువు 10.2 కిలోలు. అలాంటి పెట్టెలు 80 అయితే 816 కిలోలు. చెక్క ప్యాలెట్ బరువు 20 కిలోలు. మొత్తం 836 కిలోలు.

480 కిలోల పచ్చడి పంపడానికి 836 కిలోలకు కిరాయి కట్టాలన్నమాట. మిగతా 356 కిలోలు గాజు, అట్ట, చెక్క. వాటికీ కిలోకి ఆరే.

ఇంకో మాట. వాళ్లు వేసింది 910, నా లెక్కకి వచ్చింది 836. తేడా 74 కిలోలు, 444 రూపాయలు. ఆ తేడా గురించి నేను గట్టిగా మాట్లాడలేకపోయాను. ఎందుకంటే పంపేటప్పుడు నేను కాటా వేయించలేదు, నా చేతిలో చిట్టీ లేదు. వాళ్ల దగ్గర కంప్యూటర్లోంచి తీసిన కాగితం ఉంది. కాగితం ఉన్నవాళ్లదే మాట నెగ్గుతుంది. అప్పట్నుంచి మేం సరుకు బయల్దేరే ముందు ప్రతి ప్యాలెట్‌నీ తూచి, త్రాసు మీది అంకె కనబడేలా ఫోటో తీసి, ఆ అంకెనే ఎల్‌ఆర్ మీద రాయిస్తున్నాం. పథకం డబ్బులో చిన్న పనిముట్లకి వాడుకోవచ్చు అన్నారు కదా. మంచి త్రాసు, స్టీలు టేపు మొదట కొనండి. త్రాసుకి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించండి. ముద్ర లేని త్రాసు చిట్టీని ఎవరూ లెక్కచేయరు.

బరువు లేకపోయినా బరువే

"మాది పచ్చడి కాదు, చేగోడీలూ మురుకులూ. తేలిక సరుకు. మాకేం భయం?" అని ఆ మూల కూర్చున్న అక్క అడుగుతోంది. మీకు ఇంకో రకం భయం ఉంది అక్కా.

ఎడ్లబండి గుర్తు చేసుకోండి. ఇసుక వేస్తే సగం బండికే ఇరుసు మూలుగుతుంది. వరిగడ్డి వేస్తే బండి కనబడకుండా నిండిపోతుంది, ఎడ్లకి మాత్రం బరువు తెలియదు. ఇసుక బండికి బరువు అడ్డం, గడ్డి బండికి చోటు అడ్డం. లారీ కూడా అంతే. గడ్డి లాంటి సరుకుతో లారీ నిండిపోతే, ఇంకొకరి సరుకు ఎక్కించే వీలు పోతుంది. అందుకని ట్రాన్స్‌పోర్టు వాళ్లు రెండు బరువులు చూస్తారు. ఒకటి త్రాసు చెప్పే బరువు. రెండోది సరుకు ఆక్రమించిన చోటుని బట్టి లెక్కకట్టే బరువు. దీన్ని వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. మనం చోటు బరువు అనుకుందాం. ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి కిరాయి.

చోటు బరువు ఎలా కడతారంటే, ప్యాలెట్ పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి, 28,317తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. దాన్నే వాళ్లు సీఎఫ్‌టీ అంటారు. ఒక్కో సీఎఫ్‌టీకి ఇన్ని కిలోలు అని వేస్తారు. ఆ "ఇన్ని" ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, 6 అనేవాళ్లున్నారు, 8 అనేవాళ్లున్నారు, 10 అనేవాళ్లున్నారు. రేటు అడిగేటప్పుడు కిలోకి ఎంత అని మాత్రమే అడిగి వచ్చేస్తాం. సీఎఫ్‌టీకి ఎన్ని కిలోలు వేస్తారు అని కూడా అడగాలి. తేలిక సరుకు వాళ్లకి ఈ రెండో ప్రశ్నే ముఖ్యం. కిలో 5 రూపాయలే అని మురిసిపోతే, సీఎఫ్‌టీకి 10 వేసేవాడి దగ్గర, కిలో 6 చెప్పి 8 వేసేవాడి కంటే ఎక్కువ కడతారు. ఎలాగంటారా? 10 ఇంటూ 5 యాభై, 8 ఇంటూ 6 నలభై ఎనిమిది.

చేగోడీల ప్యాలెట్ లెక్క చూద్దాం. 200 గ్రాముల ప్యాకెట్లు 24, అట్టపెట్టె కొలత 40, 30, 30 సెంటీమీటర్లు, బరువు 5.7 కిలోలు. మామూలుగా వాడే ప్యాలెట్ 120 సెంటీమీటర్ల పొడవు, 100 సెంటీమీటర్ల వెడల్పు. వరసకి పది పెట్టెలు, నాలుగు వరసలు, 40 పెట్టెలు. పెట్టెలు 228 కిలోలు, ప్యాలెట్ 20, మొత్తం 248. ఎత్తు, పెట్టెలది 120, చెక్కది 15, మొత్తం 135 సెంటీమీటర్లు. 120 ఇంటూ 100 ఇంటూ 135ని 28,317తో భాగిస్తే 57.2 సీఎఫ్‌టీ. 8తో గుణిస్తే 458 కిలోలు.

త్రాసు 248 చూపిస్తోంది, బిల్లు 458కి వస్తుంది. కిలో ఆరు లెక్కన 2,748 రూపాయలు. ఇక్కడ ఎవరూ మోసం చేయడం లేదు. మీరు లారీలో అంత చోటు తీసుకున్నారు.

ఇప్పుడు ఒక పెట్టె మూత తెరిచి చూడండి. లోపల పైన నాలుగైదు సెంటీమీటర్లు ఖాళీ ఉందా? చాలామంది పెట్టెల్లో ఉంటుంది. మార్కెట్లో దొరికిన సైజు కొనేస్తాం కదా. ఆ పెట్టె ఎత్తు 30 బదులు 25 చేయించండి. అవే 40 పెట్టెలు, అవే 960 ప్యాకెట్లు, ఎత్తు 115కి తగ్గుతుంది. చోటు బరువు 390. కిరాయి 2,340. ప్యాలెట్‌కి 408 రూపాయలు మిగిలాయి, ఒక్క చేగోడీ కూడా తగ్గించకుండా. ప్యాకెట్లలో గాలి మాత్రం మరీ తగ్గించకండి. ఆ గాలి చేగోడీలు విరగకుండా కాపాడేది. పెట్టెలో గాలి తగ్గించండి.

మీ పిల్లలు అమెరికాలో ఉంటే మీకు ఇది ఈపాటికే తెలిసి ఉండాలి. విమానంలో పోయే కొరియర్‌కి చాలామంది మూడు కొలతలూ గుణించి 5,000తో భాగిస్తారు. 45 సెంటీమీటర్ల చదరపు పెట్టె అయితే 18.2 కిలోలు. లోపల అప్పడాలూ వడియాలూ 12 కిలోలే ఉన్నా 18కి పైనే కడతారు. కాబట్టి అప్పడాల మధ్య ఖాళీల్లో కందిపొడి ప్యాకెట్లు దూర్చే అమ్మమ్మలకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

పేర్చడంలో పోయే డబ్బు

ప్యాలెట్‌ని కొలిచేవాళ్లు చెక్కని కొలవరు, బయటికి పొడుచుకొచ్చిన చివరని కొలుస్తారు. పెట్టెలు నాలుగు వైపులా అయిదేసి సెంటీమీటర్లు బయటికి వస్తే కొలత 120, 100 కాదు, 130, 110 అవుతుంది. 135 ఎత్తుకి చోటు బరువు 458 నుంచి 545కి ఎక్కుతుంది. 87 కిలోలు, 522 రూపాయలు, ఉత్తి అజాగ్రత్తకి. పైగా బయటికి వచ్చిన పెట్టె మూలలే ముందు నలుగుతాయి.

ఎత్తుకీ అంతే. నాలుగు వరసలు సమంగా పేర్చి, ఒక్క పెట్టె మిగిలిందని పైన పెడతాం. 25 సెంటీమీటర్ల ఆ ఒక్క పెట్టె వల్ల మొత్తం ప్యాలెట్ 25 సెంటీమీటర్లు ఎత్తు పెరిగినట్టే రాసుకుంటారు. 85 కిలోల చోటు బరువు, 510 రూపాయలు. పెట్టెలో ఉన్నది 5 కిలోల చేగోడీలు. ఆ పెట్టెని వచ్చే లోడుకి ఉంచుకోండి, లేదా మీ వీధిలో అమ్ముకోండి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పైభాగం సమంగా లేకపోతే దాని మీద ఇంకొకరి సరుకు పెట్టలేరు, కొందరు దానికి వేరే చార్జీ వేస్తారు.

40, 30 సెంటీమీటర్ల అట్టపెట్టె ఈ ప్యాలెట్‌కి సరిగ్గా సరిపోతుంది. 40 లోతుకి నాలుగు పెట్టెలు ఒక వరస, తర్వాత పెట్టెలు తిప్పి 30 లోతుకి మూడేసి చొప్పున రెండు వరసలు. నాలుగూ ఆరూ పది. ఒక్క సెంటీమీటరు కూడా వృథా కాదు. కొత్త పెట్టెలు చేయించేటప్పుడు ఈ కొలత గుర్తుంచుకోండి.

ప్యాలెట్‌కి కూడా కిరాయి కడుతున్నామని మర్చిపోకండి. బరువు సరుకుకి అది 20 కిలోలే, 120 రూపాయలు. తేలిక సరుకుకి దాని 15 సెంటీమీటర్ల ఎత్తు కూడా చోటే కాబట్టి 51 కిలోలు అవుతుంది, 306 రూపాయలు. అందుకని పది పదిహేను తేలిక పెట్టెలకి, కొనేవాళ్లు పట్టుబట్టకపోతే, ప్యాలెట్ వద్దు. విడిగా పంపండి, ఆర్టీసీ కార్గోలోనో పార్సిల్ ఆఫీసులోనో వేయండి. వానలో నానిన చెక్క ప్యాలెట్ మాత్రం తీసుకోకండి. నీళ్ల బరువుకీ మీరే కడతారు, అడుగు పెట్టెలూ చెడతాయి. సరుకు విదేశానికి పోయేదైతే చెక్కని వేడి శుద్ధి చేసి ముద్ర వేసి ఉండాలి. చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలని నిబంధన. ఆ ముద్ర లేకపోతే రేవులోనే ఆపేస్తారు.

గాజా, ప్లాస్టిక్కా

బరువు సరుకు వాళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను. పచ్చడికి చోటు తగ్గించి లాభం లేదు. మా గాజు ప్యాలెట్ చోటు బరువు 458 కిలోలే, త్రాసు బరువు 836. మనం తగ్గించాల్సింది త్రాసు బరువు. పచ్చడి తగ్గించలేం కాబట్టి డబ్బా తగ్గించాలి.

ఆహార పదార్థాలకి పనికొచ్చే పెట్ డబ్బా, మూతతో కలిపి 40 గ్రాములు. పచ్చడితో 540. పన్నెండు డబ్బాల పెట్టె 7 కిలోలు. 80 పెట్టెలు 560, ప్యాలెట్‌తో 580 కిలోలు. కిరాయి 3,480. గాజుకి 5,016 అయ్యేది. ప్యాలెట్‌కి 1,536 రూపాయల తేడా. సీసాకి రూపాయి అరవై పైసలు. చిన్నగా కనబడుతుంది, 960 సార్లు మిగిలితే చిన్నది కాదు.

అడుగు పెట్టె గురించి కూడా ఆలోచించండి. ఎనిమిది వరసల్లో అడుగు పెట్టె తన మీద ఏడు పెట్టెలు మోస్తుంది. గాజు అయితే 71 కిలోలు, ఒక మనిషి నిలబడినట్టే. ప్లాస్టిక్ అయితే 49. మూడు పొరల అట్టపెట్టె గాజు బరువు కింద నలిగిపోవడం నేను చూశాను, అయిదు పొరలది వాడండి. మా మొదటి లోడులో పగిలిన సీసాల సంగతి నేనిక చెప్పను, ఆ నూనె వాసన ఇంకా ముక్కులోనే ఉంది.

అలాగని గాజు మానేయమని చెప్పడం లేదు. సరస్ మేళాల్లో స్టాలు పెట్టుకుంటే గాజు సీసానే ముందు అమ్ముడుపోతుంది, చూడ్డానికి బాగుంటుంది, ధర కూడా ఎక్కువ పలుకుతుంది. మేం మేళాలకి గాజు, టోకు ఆర్డర్లకి పెట్. ఎవరైనా టోకులో గాజే కావాలంటే, ఇస్తాం, కిరాయి తేడా ధరలో వేసి ఇస్తాం.

రెండు సంఘాలు, ఒక ప్యాలెట్

ఇప్పుడు చెప్పేది మా గ్రామ సంఘంలో అందరికన్నా ఆలస్యంగా తట్టిన సంగతి. పచ్చడి వాళ్లు చోటు మిగుల్చుకుంటున్నారు, బరువుకి కడుతున్నారు. చేగోడీల వాళ్లు బరువు మిగుల్చుకుంటున్నారు, చోటుకి కడుతున్నారు. ఇద్దరూ కలిస్తే?

పచ్చడి పెట్టెలు 30, చేగోడీల పెట్టెలు 30 ఒకే ఊరికి, ఒకే గోడౌన్‌కి పోవాలనుకోండి. విడివిడిగా పంపితే, పచ్చడి ప్యాలెట్ 326 కిలోలు, 1,956 రూపాయలు. చేగోడీల ప్యాలెట్ త్రాసు మీద 191, చోటు బరువు 305, కాబట్టి 1,830 రూపాయలు. రెండూ కలిపి 3,786.

ఒకే ప్యాలెట్ మీద అడుగున పచ్చడి మూడు వరసలు, పైన చేగోడీలు మూడు వరసలు పెట్టండి. ఎత్తు 135. త్రాసు బరువు 497, చోటు బరువు 458. బిల్లు 497కి, 2,982 రూపాయలు. 804 రూపాయలు మిగిలాయి. డాకెట్ చార్జీ కూడా రెండు బదులు ఒకటే. కింద బరువు, పైన తేలిక కాబట్టి ప్యాలెట్ ఊగకుండా కూర్చుంటుంది, చేగోడీలూ నలగవు. మధ్యలో ఒక మందపాటి ప్లాస్టిక్ పట్టా పరవండి, నూనె కారినా పైకి అంటకుండా.

ఆ మిగిలిన 804 ఎలా పంచుకోవాలి అన్న దగ్గర మా రెండు సంఘాలకీ వారం రోజులు మాటలు నడిచాయి. చివరికి విడివిడిగా పంపితే ఎవరికెంత అయ్యేదో ఆ నిష్పత్తిలో కిరాయి వేసుకున్నాం. అంటే దాదాపు సగం సగం, పచ్చడి వాళ్లది కాస్త ఎక్కువ. లోడు కట్టక ముందే ఈ మాట తేల్చుకుని తీర్మానాల పుస్తకంలో రాసుకోండి. తర్వాత రాసుకుందాం అంటే స్నేహాలు పోతాయి.

కొన్నిచోట్ల బరువు మెట్టు దాటితే రేటు తగ్గుతుంది. 500 కిలోల లోపు కిలోకి 7, 500 నుంచి 6 అని చెప్పారనుకోండి. 497కి 3,479 అవుతుంది, 500కి 3,000 అవుతుంది. మూడు కిలోలు ఎక్కువ పంపి 479 తక్కువ కట్టొచ్చు. అలాంటప్పుడు "500గా రాయండి" అని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు, లేదంటే ఇంకో పెట్టె పెట్టండి, పైన ఒంటరిగా మాత్రం కాదు. ఈ మెట్టు కోసమని సరుకు పోగేసి ఆపడం పచ్చడికి చెల్లుతుంది. చేగోడీలకి చెల్లదు, వాటికి తేదీ దగ్గర పడుతుంది.

బండి మొత్తం మాట్లాడుకుంటే

అప్పుడు కిలో లెక్క ఉండదు, ట్రిప్పుకి ఇంత అంటారు. అయినా బరువు వదలదు. బండి ఆర్‌సీలో ఖాళీ బండి బరువూ, సరుకుతో కలిపి మోయదగ్గ మొత్తం బరువూ రాసి ఉంటాయి. రెండింటి తేడానే మీరు వేయగలిగింది. అందులోంచి డ్రైవరు, తోడు మనిషి బరువు కూడా తీసేయండి. సరుకుకి 1,200 కిలోలు మిగిలే బండి అయితే మా గాజు ప్యాలెట్ ఒక్కటే పడుతుంది, రెండు వేస్తే 1,672. పెట్ డబ్బాల ప్యాలెట్లు రెండు పడతాయి, 1,160. అదే ట్రిప్పు కిరాయికి రెట్టింపు సరుకు.

"ఏం కాదమ్మా, ఎక్కించేద్దాం" అని డ్రైవరు అంటాడు. వినకండి. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకి 20,000 రూపాయలు, దాటిన ప్రతి టన్నుకీ ఇంకో 2,000 జరిమానా. ఎక్కువైన సరుకు దించే దాకా బండి కదలనివ్వరు, దించే ఖర్చు వేరే. నడిపినవాడికే కాదు, అలా నడిపించినవాళ్లకీ ఆ సెక్షన్ వర్తిస్తుంది. రోడ్డు పక్కన ఎండలో దించిన పచ్చడి ఎవరు కాపలా కాస్తారు?

ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా అన్నీ అడగండి. సీఎఫ్‌టీకి ఎన్ని కిలోలు, కనీసం ఎన్ని కిలోలకి బిల్లు వేస్తారు, డాకెట్ ఎంత, డీజిల్ పేరుతో పైన ఎంత శాతం, గోడౌన్ దగ్గర దించే హమాలీ ఎవరిది, ఊరి బయట అయితే అదనం ఉందా. వాళ్లు చెప్పింది వాట్సాప్‌లో రాసి పంపమనండి. నోటిమాటకి నాకు 3,180 రూపాయలు ఖర్చయింది, మీకు ఊరికే చెప్తున్నాను.

ధర చెప్పే ముందు ఒక్క పెట్టె నిజంగా నింపి, టేపు వేసి, తూచి, అప్పుడు చెప్పండి. మనసులో తూచకండి. ఆ టోకు వ్యాపారికి రెండోసారి ధర చెప్పినప్పుడు నేను సీసాకి 2 రూపాయలు పెంచాను, పెట్ డబ్బాకి మారాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మొదటిసారే ఆ ధర చెప్పి ఉంటే మొదటిసారే ఒప్పుకునేవాడు.

సరే. బల్ల మీద ఒక ఆవకాయ పెట్టె, ఒక చేగోడీల పెట్టె ఉన్నాయి. త్రాసు ఆ మూలన ఉంది. అక్కా, మీ చేగోడీల పెట్టె మూత తెరవండి, లోపల ఎంత ఖాళీ ఉందో ముందు అది కొలుద్దాం. టేపు ఎవరి దగ్గరుంది?